రాయి ఒకటే, కాలం వేరు

అవక్షేప శిలలంటే ఏమిటో మన పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఇసుకరాయి, సున్నపురాయి అంటూ ఉదాహరణలూ ఇస్తారు. కానీ ఈ ఊరి బావిలో కనిపించే పొర, పక్క ఊరి గనిలో కనిపించే పొర ఒకటేనా, ఎలా తెలుస్తుంది అని అడిగితే తెల్లమొహం వేస్తారు. అసలు పాఠం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. తమిళనాడులోని మన బడులకు ఆ పాఠం తిరుచ్చి, పెరంబలూరు, అరియలూరు జిల్లాల్లోనే దొరుకుతుంది.

ఇది కావేరి బేసిన్‌లో ఒక భాగం. క్రెటేషియస్ యుగంలో సముద్రం ఇక్కడిదాకా వచ్చింది. అడుగున పేరుకున్న ఇసుక, బంకమన్ను, గుల్లలు గట్టిపడి రాళ్లయ్యాయి. 1862లో హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఈ రాళ్లను కింది నుంచి పైకి ఊటత్తూరు, తిరుచినాపల్లి, అరియలూరు అని మూడు వర్గాలు చేశారు. అన్నిటికన్నా పైనున్న నినియూరు పొరలను తరవాతివారు వేరు చేశారు. ఒక్కో వర్గంలో మళ్లీ చిన్న విభాగాలున్నాయి. చుట్టుపక్కల పొరల నుంచి వేరుగా గుర్తించి, పటం మీద గీయగలిగిన విభాగాన్ని ఫార్మేషన్ అంటారు.

రాయిని చూసి పేరు పెట్టవచ్చు గానీ వయసు చెప్పలేం. కల్లకుడి దగ్గర ఊటత్తూరు వర్గంలో ఉన్నది సున్నపురాయి. అరియలూరు దగ్గర కల్లంకురిచ్చిలో ఉన్నదీ సున్నపురాయే. రెండింటికీ దాదాపు మూడు కోట్ల ఏళ్ల తేడా. మరోవైపు, ఒకే కాలంలో ఒడ్డు దగ్గర ఇసుక, లోతున బంకమన్ను పేరుకుంటాయి. అక్కడ రాళ్లు వేరు, కాలం ఒకటే.

ఈ చిక్కును విప్పేవి శిలాజాలు. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న అమ్మోనైట్ గుల్లలు అందులో ముఖ్యమైనవి. మన ఇళ్లలో పూజించే సాలగ్రామాలు చాలావరకు ఇవే. వీటి జాతులు త్వరత్వరగా మారుతూ, చాలా దూరం వ్యాపించాయి. కాబట్టి ఒకే జాతి రెండు చోట్ల దొరికితే ఆ పొరల కాలం ఇంచుమించు ఒకటే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట అమ్మోనైట్లు అంతరించాయి. అరియలూరు పొరల్లో అవి ఉన్నాయి, నినియూరులో లేవు.

యానాం పిల్లలకు కృష్ణా గోదావరి బేసిన్ ఉంది. అక్కడ చమురు బావుల నుంచి పైకొచ్చే రాతి పొడిలో సూక్ష్మదర్శినికి మాత్రమే అందే ఫొరామినిఫెరా గుల్లలను చూసి, ఒక బావి పొరను మరో బావి పొరతో కలుపుతారు.

తరగతిలో దీన్ని ఒక్క పీరియడ్‌లో చేయించవచ్చు. మూడు బావుల పొరలను మూడు నిలువు పట్టీలుగా గీయించండి. రెండేసి పట్టీల్లో ఒకే గుల్ల గుర్తు పెట్టి, గీతతో కలపమనండి. రాయి రంగును నమ్మినవారి గీత ఎక్కడ తప్పిందో వాళ్లకే తెలుస్తుంది.

కల్లంకురిచ్చి సున్నపురాయిని సిమెంటు కోసం తవ్వుతున్నారు. పొరలను బయటపెట్టేదీ ఆ తవ్వకమే, మాయం చేసేదీ అదే. పిల్లలను తీసుకెళ్తే ముందుగా అనుమతి తీసుకోండి, అంచులకు పోనివ్వకండి. ఫొటో తీసి, కొలిచి, ఏ పొరలో ఏముందో తెలుగులో రాయించండి. గుల్లను మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి. ఏ పొరలోదో తెలియని శిలాజం అలమరాలో అందంగా ఉంటుందే తప్ప, ఆ పొర వయసు గురించి ఏమీ చెప్పలేదు.