తప్పుకోవాల్సింది ఎవరు?

వాతావరణం బాగుంది. పట్టపగలు. శత్రువు జాడ లేదు. అయినా 1942 అక్టోబర్ 2 మధ్యాహ్నం ఐర్లండ్‌కు ఉత్తరాన అట్లాంటిక్‌లో 337 మంది బ్రిటిష్ నావికులు చనిపోయారు. వారిని ముంచింది జర్మన్ టార్పెడో కాదు, వారు కాపలా కాస్తున్న ఓడే.

ఆ ఓడ క్వీన్ మేరీ. 81,000 టన్నుల ఈ విలాస నౌకకు యుద్ధం బూడిదరంగు పూసి సైనిక రవాణాకు పెట్టింది. ఆ రోజు దానిలో సుమారు 10,000 మంది అమెరికన్ సైనికులున్నారు. వేగం 28.5 నాట్లు. జలాంతర్గాములకు గురి దొరక్కుండా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవడం దాని పద్ధతి. విమానాల నుంచి రక్షణగా తోడొచ్చిన కురకోవా 1917లో నీళ్లలోకి దిగిన పాత క్రూయిజర్. దాని వేగం 25 నాట్లు మించలేదు. అందుకే అది తిన్నగా పోతోంది. పెద్ద ఓడ మలుపులు తిరుగుతూనే దాన్ని అందుకుంటోంది. ఫిరంగులతో కాపాడాలంటే మరీ దూరంగా ఉండడానికీ వీల్లేదు.

చిక్కంతా ఇక్కడే. వెనక నుంచి వచ్చి దాటిపోయే ఓడే పక్కకు తొలగాలన్నది సముద్ర నిబంధన. కురకోవా కెప్టెన్ జాన్ బౌట్‌వుడ్ దాన్ని నమ్ముకున్నారు. కాపలా నౌకే దారివ్వాలన్నది క్వీన్ మేరీ కెప్టెన్ సిరిల్ ఇల్లింగ్‌వర్త్ లెక్క. క్రూయిజర్ మరీ దగ్గరకొస్తోందని తన అధికారి ఒకరు సందేహపడితే, వాళ్లకిది అలవాటే, వాళ్లే తప్పుకుంటారని ఆయన ధైర్యం చెప్పారు. రైళ్లకైతే సిగ్నల్ ఉంటుంది. ఇక్కడ ఉన్నవి రెండు నమ్మకాలే.

రెండుంపావు కావస్తుండగా క్వీన్ మేరీ ముందు భాగం కురకోవాను అడ్డంగా కోసేసింది. ఆరు నిమిషాల్లో క్రూయిజర్ మునిగిపోయింది. పెద్ద ఓడ ఆగలేదు. ఆగితే జలాంతర్గామికి దొరికిపోతుంది కనుక ఏం జరిగినా ఆగొద్దన్నవి ఆదేశాలు. 10,000 మంది ప్రాణాల ముందు ఆ లెక్క తప్పని చెప్పడం కష్టం. చమురు తేలిన చన్నీళ్లలో చేతులూపుతున్న కుర్రాళ్లకు మాత్రం అది దూరమవుతున్న ఓడ. మిగతా కాపలా నౌకలు కొన్ని గంటల తర్వాత వెనక్కి వచ్చేసరికి దక్కింది 101 మంది. వారిలో బౌట్‌వుడ్ ఒకరు.

చూసినవాళ్లను నోరు విప్పొద్దన్నారు. యుద్ధం ముగిసే దాకా ఈ సంగతి పత్రికల్లో రాలేదు. ఆ తర్వాత వంతు న్యాయస్థానాలది. తప్పంతా కురకోవాదేనని 1947లో హైకోర్టు తేల్చింది. అప్పీలులో లెక్క మారింది. మూడింట రెండు వంతులు క్రూయిజర్‌ది, ఒక వంతు క్వీన్ మేరీది అన్నారు. 1949లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్నే ఖాయం చేసింది.

క్వీన్ మేరీ 1967లో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ చేరి, హోటల్‌గా మారింది. కురకోవా శిథిలాలు రక్షిత సైనిక సమాధిగా సముద్రగర్భంలోనే ఉన్నాయి. శవం దొరకని వారిలో ఎక్కువమంది పేర్లు ఇంగ్లండ్‌లోని చాథమ్ నౌకాదళ స్మారకం మీద ఉన్నాయి. పేర్లను అక్కడ సంవత్సరం, హోదాల వారీగా చెక్కారు. ఆర్డినరీ సీమన్ అంటే యుద్ధకాలంలో తరచూ ఇరవై నిండని కొత్త కుర్రాడే. ఎలా పోయాడన్నది ఆ ఫలకాల మీద ఉండదు.