మమ్మీ దేహములో తుపాకిగుండు

ఐగుప్తు ఎడారిలో వేలయేండ్లనాటి పురోహితుని సమాధి యొకటి త్రవ్వబడినది. అందు దొరకిన వస్తువులు త్రవ్వకములకు అధికారమున్న పరాసు పురావస్తు సంఘమునకు చేరవలసియుండగా, వానిలో కొన్ని ఐరోపా ప్రదర్శనశాలలలో ప్రత్యక్షమగుచున్నవి. త్రవ్వించిన పండితుని జాడ లేదు. సంగతి తెలిసికొనుటకై చార్లీ చాన్ అను చీనా డిటెక్టివు విమానమెక్కి వచ్చును. 1935వ సంవత్సరమున అమెరికాలో ఫాక్సు సంస్థవారు తీసిన ‘చార్లీ చాన్ ఇన్ ఈజిప్టు’ అను చలనచిత్రమునకు ఇది ప్రారంభము. దర్శకుడు లూయీ కింగ్. గంటంబావుకు మించని చిన్న చిత్రము.

ఇట్టి కథ అప్పుడే పుట్టుటకు కారణము కలదు. 1922 నవంబరులో హోవర్డు కార్టరు టుటంకామను రాజు సమాధిని కనుగొనెను. ఆ పనికి ధనము సమకూర్చిన కార్నార్వన్ ప్రభువు 1923 ఏప్రిల్ 5వ తేదీన కైరోలో మరణించెను. దోమ కుట్టినచోట క్షురకత్తి తగిలి, పుండు విషమించి, రక్తము చెడి, తుదకు న్యుమోనియా సోకినది. పత్రికలవారికి ఇంత చప్పని కారణము రుచించునా? రాజు శాపమనిరి. లోకము నమ్మినది. సమాధి ద్వారమును స్వహస్తముతో తెరచిన కార్టరు మాత్రము 1939 వరకు జీవించియుండెను. శాపమునకు అతని యింటిత్రోవ తెలియలేదు కాబోలు!

ఈ చిత్రకారులు ఆ శాపమును మొదట ధారాళముగా వాడుకొని, పిదప ఒక్కొక్క ముడినే విప్పిరి. అందు మొదటి ముడి అన్నిటికంటె చక్కనిది. పురోహితుని మమ్మీని విప్పకయే చాన్ క్ష-కిరణములతో పరీక్షించును. గుండె సమీపమున తుపాకిగుండు కనబడును! పట్టీలలో చుట్టబడియున్నవాడు ప్రాచీనుడు కాడు, కనబడకపోయిన పండితుడే.

ఇది కేవలము కవికల్పన యనుకొనరాదు. రంట్జెన్ పండితుడు 1895లో ఆ కిరణములను కనుగొనగా, మరుసటి యేడే జర్మనీలో ఒక ఐగుప్తు శిశువు మమ్మీకి ఆ పరీక్ష చేసిరి. 1903లో నాలుగవ థట్మోసు రాజు దేహమును ఎలియట్ స్మిత్ వైద్యుడును, పైని చెప్పిన కార్టరును కలసి, అద్దెబండిలో నెక్కించి, కైరోలోని వైద్యశాలకు తీసికొనిపోయిరి. మూడువేల యేండ్లు పవళించిన మహారాజు నేటి రోగివలె బండిలో పోవుట చూచిన త్రోవవారేమనుకొనిరో!

రెండవ ముడి పండితుని కుమారుడు బారీ మరణము. శాపభయముతో క్రుంగిపోయిన యా యువకుడు ఫిడేలు వాయించుచునే కూలిపోవును. ఎవ్వరును దగ్గరకు పోలేదు, అన్నములోను పానీయములోను విషము లేదు. ఫిడేలు పొట్టలో విషవాయువు నింపిన సన్నని గాజుగొట్టమును దాచిరనియు, తీగ పలికిన కంపమునకు అది పగిలినదనియు చాన్ కనిపెట్టును. ఇది నమ్మదగినదేనా యని భౌతికశాస్త్రమెరిగినవారు చర్చింపవచ్చును. చూచునప్పుడు మాత్రము ఒడలు జలదరించును.

స్త్రీలు ముఖ్యముగా చూడదగినది మూడవ ముడి. పండితుని కుమార్తె కేరోల్‌కు తండ్రి కానరాలేదు, తోడబుట్టినవాడు పోయినాడు. ఆమెకు లేనివి కనబడుచుండును, భయముతో కేకలిడును. అందరును ఇది దుఃఖమో, శాపమో, మతిభ్రమయో యని జాలిపడుదురేగాని, ఆమె లోపలికి ఏమి పోవుచున్నదని అడిగినవారు లేరు. చాన్ అడిగెను. ఆమె కాల్చు సిగరెట్లలో భ్రాంతి గొలుపు మందు కలిసియుండెను. (ఆ పిల్ల సిగరెట్లు కాల్చుట యేమని మనవారు ముక్కుమీద వ్రేలు వేసికొందురు, అది వేరే మాట.)

మన గ్రామములలోను ఒక పడుచు ఉలికిపడినను, ఒంటరిగా మాటలాడుకొన్నను, గాలి సోకినదనువారును, వేపమండలతో కొట్టించువారును నేటికిని కలరు. ఆ పిల్ల జ్వరముతో పలవరించుచున్నదా, నిద్ర చాలకున్నదా, ఎవరైన మందు పెట్టుచున్నారా, ఇంటిలో ఎవరివలననైన భయపడుచున్నదా యని విచారించుటకు ఎవరికిని తీరికయుండదు. ఆమె మాటకు విలువ లేకుండచేయుటవలన లాభము ఎవరికి కలదో అదియును చూడవలెను గదా. చిత్రములో హంతకుడెవరో చెప్పి చూడబోవువారి ముచ్చట చెరుపను గాని, ఆమె వెర్రిదగుట అతనికి అనుకూలమే.

చిత్రమున దోషములును కలవు. చీనావానిగా నటించిన వార్నర్ ఓలండు స్వీడనులో పుట్టినవాడు. 1931 మొదలు 1937 వరకు పదునారు చిత్రములలో ఆ వేషము ధరించెను. చాన్ నీచుడు కాక, మర్యాదయు బుద్ధియుగల గృహస్థుడగుట ఆనాటికి మెచ్చదగినదే. అయినను, ఆ పాత్రకు చీనావారిలోనే నటుడు దొరకడా? హొనొలూలులో చాంగ్ అపానా యను నిజమైన చీనా డిటెక్టివు ఉద్యోగము చేసియుండెను గదా. నల్లవాడైన స్టెపిన్ ఫెచిట్ చేత సోమరి పిరికిపందగా నటింపచేసి నవ్వించుటయు నేడు చూచువారికి కష్టముగానుండును. పరిచారిక వేషములోనున్న రీటా కాన్సినో అప్పటికి పదునారేండ్ల బాలిక. ఆమెయే పిదప రీటా హేవర్తు అను పేర జగత్ప్రసిద్ధురాలైనది. ఇందులో ఆమెకు పలుకులు కొద్ది.

ఓలండు నటించిన తొలి చాన్ చిత్రములలో కొన్ని నశించినవి. 1937లో న్యూజెర్సీలో ఫాక్సువారి ఫిలిం కొట్టు తగులబడి లెక్కలేని చిత్రములు బూడిదయ్యెను. ఇది మాత్రము దక్కినది.

నిజమైన మమ్మీని చూడగోరువారు ఐగుప్తునకు పోనక్కరలేదు. హైదరాబాదు పబ్లికు గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో రెండువేల యేండ్లకు పైబడిన ఐగుప్తు యువతి దేహము కలదు. నిజాము కుటుంబీకుడు కొని తెప్పించినది. ఆమె పేరు నైషు అని చెప్పుదురు. పిల్లలను వెంటబెట్టుకొనిపోవు తల్లులు సంగతి ముందుగా చెప్పి మరీ తీసికొనిపోవలెను. బొమ్మయనుకొని పెట్టెలోనికి తొంగిచూచిన పసివాండ్రు జడియుదురు.