ఎండ - చర్మ కణాలకు అందే తప్పుడు కబురు

ఎండలో తిరిగితే చర్మం నల్లబడుతుందని అందరికీ తెలుసు. రంగు మారడం మన కంటికి కనిపించే మార్పు. అంతకంటే ముందే, ఎండ తగిలిన కొద్ది నిమిషాలలోనే, కణాల లోపల మరో మార్పు మొదలవుతుంది. దాని గురించి తెలుసుకుందాం.

చర్మం పైపొరలో పాత కణాలు రాలిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఎప్పుడు పెరగాలో కణానికి బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు తెచ్చే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. దీనిని కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో, రీటా లెవీ మాంటాల్చినీతో కలిపి, నోబెల్ బహుమతి లభించింది. కణం పైనున్న గ్రాహకం ఈ కబురును అందుకోగానే దానికి ఫాస్ఫేట్లు అతుక్కుంటాయి. అదే 'పెరుగు' అనే ఆజ్ఞ. ఫాస్ఫటేజ్ అనే ఎంజైములు ఆ ఫాస్ఫేట్లను తొలగించి ఆజ్ఞను ఆపుతాయి.

కబురు రానప్పుడు కూడా కొద్దిపాటి ఫాస్ఫేట్లు అతుక్కుంటూనే ఉంటాయి, ఫాస్ఫటేజ్ తీసేస్తూనే ఉంటుంది. పడవలోకి ఊరే నీటిని ఒక మనిషి ఎప్పటికప్పుడు తోడిపోస్తున్నట్టన్నమాట. అతినీలలోహిత కిరణాలు చేసే హాని ఇక్కడే ఉంది. అవి కణంలో చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టిస్తాయి. అవి ఫాస్ఫటేజ్‌ను పనిచేయకుండా చేస్తాయి. తోడేవాడి చేతులు కట్టేస్తే పడవ నిండినట్టు, ఏ కబురూ రాకుండానే గ్రాహకం మేల్కొంటుంది. మానవ చర్మ కణాలలో ఈ సంగతిని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో వెల్లడించారు.

దీనివల్ల నష్టాలు రెండు. మొదటిది, ఈ తప్పుడు ఆజ్ఞ చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను కోసివేసే ఎంజైములను తయారు చేయిస్తుంది. చర్మం కందనంత తక్కువ ఎండ కూడా ఇందుకు చాలు. ముడతలకు మూలం ఇదే. రెండవది మరింత ప్రమాదకరం. అదే ఎండ డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న కణం మరమ్మతు చేసుకోవాలి, లేదా చనిపోవాలి. పెరగమని ఆజ్ఞ అందితే అది బతికి, విభజన చెందవచ్చు. క్యాన్సర్‌కు దారి తీసే అడుగులలో ఇదొకటి.

మన చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. పొలం కూలీలు, తాపీ పనివారు, తోపుడు బండ్ల వ్యాపారులు ఏళ్ల తరబడి ఎండలోనే ఉంటారు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు నీడ, పొడుగు చేతుల దట్టమైన బట్టలు, తలకు, మెడకు గుడ్డ - ఇవే వారికి అందుబాటులో ఉన్న రక్షణ. కిటికీ అద్దం కొన్ని కిరణాలను ఆపినా, అతినీలలోహిత-ఎ కిరణాలు చాలావరకు లోపలికి వస్తాయి. మానని పుండు గాని, రూపు మారుతున్న మచ్చ గాని కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.

గొడుగు నీడను మనం సుఖం అనుకుంటాం. చర్మ కణానికి మాత్రం అది రక్షణ.