ఇళ్ళు ముందు, బడి తర్వాత

బదిలీ మీద ఏ ఊరు వెళ్ళినా శివార్లలో కొత్త అపార్టుమెంట్లే మాకు ముందు కనిపిస్తాయి. కేంద్ర పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం 5,000 జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల ఉండాలి. ఇంటికి నలుగురనుకుంటే, 1,250 ఇళ్ళకు ఒక బడి అన్నమాట. ఇళ్ళు మాత్రం ఒక్కసారే నిండుతాయి. బడికి స్థలం, నిధులు, పోస్టులు ఒకదాని తర్వాత ఒకటి మంజూరు కావాలి. పైగా ఇళ్ళు పూర్తికాకముందే, వాటిని కట్టే కూలీల పిల్లలు దగ్గరి సర్కారు బడికి వస్తారు.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదు. ప్రాథమిక తరగతుల్లో 60 మంది వరకు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఈ రెండూ నిలబడాలంటే లేఅవుటుకు అనుమతి ఇచ్చిన రోజే బడి స్థలం తేలాలి. లేకుంటే వెనక బెంచీలో నాలుగోవాడిగా ఇరుక్కున్న పిల్లవాడి పేరైనా మాకు గుర్తుండదు.