కనిపించని పగ్గం

1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక చిన్న పడవను నీటిలో విడిచి, తీగ ఏదీ లేకుండానే దూరం నుంచి నడిపి చూపాడు. నేడు అభిరుచి కొద్దీ నడిపే నమూనా కార్లు, పడవలు, విమానాలు ఆ పడవకు వారసులే. వీటికీ నడిపేవారికీ మధ్య ఉండే పగ్గం రేడియో తరంగమొక్కటే. అది తెగితే కారు ఏ గోడకో తగిలి ఆగుతుంది. విమానమైతే రెండు మూడు కిలోల బరువుతో ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. అందుచేత ఆ పగ్గం ఎంత దూరం సాగుతుందన్నది వినోదానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. సెకనుకు అది చేసే కంపనాల సంఖ్య పౌనఃపున్యం; ఒక్క కంపనంలో సాగే దూరం తరంగదైర్ఘ్యం. మొదటిది పెరిగితే రెండవది తగ్గుతుంది. బొమ్మ కార్లలో వాడే 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. ఇప్పుడు విరివిగా వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, అంటే జానెడైనా ఉండదు.

తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు పొడవున్న యాంటెనా చక్కగా పనిచేస్తుంది. కనుక పొట్టి తరంగానికి 3 సెంటీమీటర్ల తీగ చాలు. అయితే చిన్న వలకు తక్కువ చేపలు పడినట్లే, చిన్న యాంటెనా గ్రహించే శక్తీ తక్కువే. ప్రసారిణి శక్తీ, యాంటెనాల తీరూ మారకుండా పౌనఃపున్యాన్ని రెట్టింపు చేస్తే, అడ్డులేని చోట సంకేతం అందే దూరం సగమవుతుంది.

ఈ లెక్క ప్రకారం 27 మెగాహెర్ట్జ్ బొమ్మదే గెలుపు కావాలి. జరిగేది వేరు. ఆ బొమ్మ కారు కొన్ని పదుల మీటర్లు దాటితే మాట వినదు, మంచి 2.4 గిగాహెర్ట్జ్ పరికరం ఆరుబయట కిలోమీటరు దూరానికీ అందుతుంది. 27 మెగాహెర్ట్జ్‌కు తగిన యాంటెనా పొడవు రెండుముప్పావు మీటర్లు. బొమ్మ కారుకు తగిలించేది జానెడు తీగ! పైగా ప్రసారిణి శక్తి స్వల్పం. మోటారు బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వల రేడియో రొద కూడా తక్కువ పౌనఃపున్యాల వద్దే అధికం.

నిజానికి చాలా విమానాలను కూల్చింది దూరం కాదు, పొరుగువారు. అమెరికాలో నమూనా విమానాలకు 72 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కేటాయించారు. ప్రసారిణిలోని స్ఫటికాన్ని బట్టి ఒక్కొక్కరిది ఒక్కో ఛానెల్. ఒకే ఛానెల్‌పై ఇద్దరు మీట నొక్కితే గ్రాహకం తికమకపడేది, విమానం నేలకూలేది. అందుకే మైదానంలో ఛానెల్ సంఖ్యలు రాసిన పలక ఉండేది. తన సంఖ్య గల చీటీ చేతికి వచ్చాకనే ప్రసారిణిని వెలిగించాలి. ఒకరి మతిమరుపుకు మరొకరి నెలల శ్రమ బలి అయ్యేది. 2000 తర్వాతి దశాబ్దంలో వ్యాపించిన 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు ఈ బెడదను దాదాపుగా తొలగించాయి. వీటిలో చాలావరకు ఒక ఛానెల్ నుంచి మరొకదానికి క్షణక్షణం గెంతుతాయి. గ్రాహకం తనతో జతపడిన ప్రసారిణి సంకేతాన్నే పాటిస్తుంది. భారతదేశంలో 2005లో ఈ పౌనఃపున్య శ్రేణిని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేకుండా అనుమతించారు.

ఈ పొట్టి తరంగానికీ బలహీనతలున్నాయి. తడిసిన ఆకులు, మనిషి దేహం దాన్ని పీల్చుకుంటాయి. కార్బన్ ఫైబర్ అడ్డగిస్తుంది. నీటిలో కొద్ది సెంటీమీటర్లకే క్షీణిస్తుంది గనుక నమూనా జలాంతర్గాములను నడిపేవారు పాత మెగాహెర్ట్జ్ పరికరాలనే పదిలపరచుకొంటారు. బహుదూరం ఎగురవేసేవారు 900 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి దిగివస్తారు.

కొత్తవారు యాంటెనా కొనను తుపాకీలా విమానానికి గురిపెడతారు. కొన దిక్కునే సంకేతం అతి బలహీనం. దాన్ని అడ్డంగా ఉంచాలి. అనుభవజ్ఞులు ఎగురవేసే ముందు ప్రసారిణి శక్తిని పరీక్షా స్థాయికి తగ్గించి, ముప్పై అడుగులు వెనక్కి నడిచి, రెక్కల పలకలు కదులుతున్నాయో లేదో చూస్తారు. ఆపై ప్రసారిణిని ఆపి, సంకేతం తెగగానే మోటారు దానంతటదే ఆగుతోందా అని విమానాన్ని నేలమీదనే గట్టిగా పట్టుకొని పరీక్షిస్తారు.