ఆముదం గింజ ఎంత దూరం పోయింది?

"ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం" అని మన సామెత. ఆముదాన్ని తక్కువ చేసి చెప్పే మాట ఇది. ఎవరైనా మొహం చిట్లించుకుంటే "ఆముదం తాగిన మొహం" అంటాం. నీళ్ళు లేని చెలకల్లో కూడా పండుతుంది కాబట్టి దాన్ని పేదల పంట అంటారు.

కానీ ఈ పేదల పంట సముద్రాలు దాటి పోయింది. అక్కడ లారీల్లో గొట్టం అయింది. కరెంటు తీగకు తొడుగు అయింది. తామరకు మందు అయింది. మల్లె, జాజి లాంటి పూల వాసన కూడా అయింది!

ఇది ఎలా జరుగుతుంది? తెలుసుకుందాం.

మీకు తెలిసిన పనే

వంటాముదం ఎలా తీస్తారో మీలో చాలామందికి తెలుసు. గింజలు వేయిస్తాం. రోట్లో దంచుతాం. నీళ్ళు పోసి ఉడికిస్తాం. నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి, చెమ్మ పోయేదాకా మళ్ళీ కాస్తాం. ఆ నూనె తలకు రాసుకున్నాం. దీపంలో పోశాం. బండి ఇరుసుకు కందెనగా వేశాం.

ఫ్యాక్టరీ పని కూడా గింజల నుంచి నూనె తీయడంతోనే మొదలవుతుంది. మంచి గింజలు 100 కిలోలు ఉంటే, వాటిలో 45 నుంచి 50 కిలోల దాకా నూనె ఉంటుంది. మిగిలింది చెక్క.

మనం నూనెను ఉన్నది ఉన్నట్టు వాడుకుంటాం. ఫ్యాక్టరీ వాళ్ళు ఆ నూనెను విడగొడతారు. విడిపోయిన ముక్కలతో కొత్త సరుకులు చేస్తారు. తేడా అంతా అక్కడే ఉంది.

నూనె లోపల ఏముంది?

ఏ వస్తువైనా కంటికి కనిపించని చిన్న చిన్న అణువులతో తయారవుతుంది. ఆముదం నూనె అణువు ఎలా ఉంటుంది? మన ఇంట్లో ఉట్టిని గుర్తు తెచ్చుకోండి. పైన ఒక ముడి. ఆ ముడి నుంచి కిందికి తాళ్ళు. నూనె అణువులో మూడు తాళ్ళు ఉంటాయి. పైన ముడి పేరు గ్లిజరిన్.

ఒక్కొక్క తాడుకు పూసలు గుచ్చినట్టు 18 కార్బన్ పరమాణువులు ఉంటాయి. కార్బన్ అంటే బొగ్గులో ఉండే పదార్థమే. వేరుశనగ, నువ్వుల నూనెల్లో కూడా ఎక్కువగా 18 పూసల తాళ్ళే ఉంటాయి. మరి ఆముదం గొప్పతనం ఏమిటి?

ఆముదం తాడుకు 12వ పూస దగ్గర ఒక కొక్కెం ఉంటుంది. మామూలు వంటనూనెల్లో ఈ కొక్కెం ఉండదు. ఆముదంలో మాత్రం నూటికి 85 నుంచి 90 తాళ్ళు కొక్కెం ఉన్నవే. ఆముదం జిగటగా, చిక్కగా ఉండేది దీనివల్లే. ఒకదాని కొక్కెం ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అందుకే అది నీళ్ళలా జారిపోదు.

18 ని విడదీస్తే 11, 7

ముందుగా నూనెలో మిథనాల్ అనే స్పిరిట్టు కలుపుతారు. ఇది విషం, తాగేది కాదు. దానితో ఉట్టి ముడి విడిపోతుంది. గ్లిజరిన్ వేరుగా వస్తుంది. అది సబ్బుల్లో, మందుల్లో పనికివస్తుంది.

తరువాత మిగిలిన తాళ్ళను ఆవిరితో సుమారు 500 డిగ్రీల దాకా వేడి చేస్తారు. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. అంటే ఎంత వేడో చూడండి. ఆ వేడికి తాడు తెగుతుంది. ఎక్కడ పడితే అక్కడ తెగదు. కొక్కెం ఉన్న 12వ పూసకు ముందే తెగుతుంది. ఒక ముక్కలో 11 పూసలు, ఇంకో ముక్కలో 7 పూసలు. కూడి చూడండి. 18 వచ్చిందా?

7 పూసల ముక్కను సెంట్లు చేసేవాళ్ళు తీసుకుంటారు. దాన్ని ఇంకో పదార్థంతో కలిపితే జాజిపూల వంటి వాసన వస్తుంది.

11 పూసల ముక్క నుంచి తామర లాంటి బూజు జబ్బులకు పూసే మందు చేస్తారు. ఇంకా ముఖ్యమైన పని ఒకటి ఉంది. ఆ ముక్క కొసకు అమ్మోనియాతో ఒక కొత్త కొక్కెం తగిలిస్తారు. అప్పుడు ఒకదాని కొక్కెం ఇంకోదాని కొసను పట్టుకుంటుంది. అలా వేల ముక్కలు కలిసి గొలుసు అవుతాయి. ఆ గొలుసే నైలాను. పూసలు 11 కాబట్టి దాని పేరు నైలాన్-11.

మామూలు నైలానును పెట్రోలియం నుంచి చేస్తారు. మన నైలాను చీర, నైలాను తాడు అలాంటివే. ఆముదం నైలానును 1940లలో ఫ్రాన్సు దేశంలో కనుక్కున్నారు. రిల్సాన్ అనే పేరుతో అమ్మారు. అది తొందరగా పగలదు. పెట్రోలుకూ నూనెలకూ తట్టుకుంటుంది. అందుకే కార్లలో ఇంధనం పోయే గొట్టాలకు, లారీల బ్రేకు గొట్టాలకు వాడతారు.

హరిత రసాయనం అంటే ఏమిటి?

పెట్రోలియం భూమి లోపల కోట్ల ఏళ్ళలో తయారైంది. తవ్వితే తరిగిపోతుంది. ఆముదం అలా కాదు. ఏటా విత్తుతాం, ఏటా కోస్తాం. చేను ఉన్నంత కాలం సరుకు ఉంటుంది.

1998లో అమెరికాలో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పుస్తకంలో 12 సూత్రాలు చెప్పారు. వాటినే హరిత రసాయన సూత్రాలు అంటారు. అందులో కొన్ని ఇవి. చెత్త పుట్టాక ఊడ్చడం కాదు, పుట్టకుండానే చూడాలి. వీలైన చోట మళ్ళీ మళ్ళీ పండే సరుకు వాడాలి. విషాలు వాడకూడదు, పుట్టించకూడదు. మంట, కరెంటు తక్కువ ఖర్చు కావాలి. వాడి పారేసిన వస్తువు మట్టిలో కలిసిపోవాలి.

ఈ కొలతతో ఆముదం నైలానును కొలిచి చూద్దాం. సరుకు చేనుది. దానికి మంచి మార్కులే. ముక్కలన్నీ ఏదో ఒక పనికి వస్తున్నాయి. అదీ మంచిదే. కానీ 500 డిగ్రీల వేడికి చాలా ఇంధనం కావాలి. మధ్యలో ఘాటైన ఆమ్లాలు వాడతారు. తయారైన నైలాను మట్టిలో కుళ్ళదు. అంటే చెట్టు నుంచి వచ్చినదంతా హరితం అయిపోదు.

అందుకే ఎంజైములతో తక్కువ వేడిలో నూనెను విడగొట్టే పద్ధతుల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. పాలు తోడుకోవడానికి పెద్ద మంట అక్కర్లేదు. గోరువెచ్చగా ఉంటే చాలు. ఎంజైముల పని కూడా అలాంటిదే.

గింజలో విషం ఉంది, జాగ్రత్త!

పచ్చి ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. పిల్లలు కొన్ని గింజలు నమిలి మింగినా ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, విరేచనాలు అవుతాయి. అలా జరిగితే నాటుమందు కోసం చూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. గింజలు పిల్లలకు అందని చోట పెట్టండి.

విషం నూనెలోకి రాదు, చెక్కలో ఉండిపోతుంది. కాబట్టి ఆముదం చెక్కను పశువులకు పెట్టకూడదు. చేనికి మాత్రం అది మంచి ఎరువు. 100 కిలోల చెక్కలో సుమారు 4 కిలోల నత్రజని ఉంటుంది. చెక్క దుమ్ము కొందరికి పడదు. ఆయాసం వస్తుంది. పని చేసేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

లాభం ఎవరికి?

లోకంలో పండే ఆముదంలో ఎక్కువ భాగం మన దేశానిదే. అందులో ఎక్కువ గుజరాత్‌లో పండుతుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ చెలకల్లో ఆముదం బాగా వేసేవారు. పత్తి పెరిగాక అది తగ్గింది.

చేలో గెలలు కోసేది ఎవరు? కాయలు ఎండబెట్టి, కొట్టి, గింజలు చెరిగేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్ళే. కానీ గింజ గింజగానే అమ్ముడుపోతే రైతుకు గింజ ధరే వస్తుంది. నూనె తీసినవాడికి నూనె ధర. దాన్ని గొట్టం చేసినవాడికి గొట్టం ధర.

మనం నైలాను ఫ్యాక్టరీ పెట్టలేం. కానీ గింజలు బాగా ఎండబెట్టవచ్చు. మట్టి, పొట్టు లేకుండా చెరగవచ్చు. పదిమంది కలిసి ఒకేసారి అమ్మవచ్చు. కాటా దగ్గర నిలబడి అంకె మనమే చదవవచ్చు. చెక్కను మన చేనుకే వేసుకోవచ్చు.

మీ చేతిలో ఉన్నది ఎందుకూ పనికిరాని గింజ కాదు. దాని విలువ కొనేవాడికి తెలుసు. అమ్మే మనకూ తెలియాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఆముదం ఎవరు వేస్తున్నారు? మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు?
2. ఆముదం నూనె ఎందుకు జిగటగా ఉంటుంది?
3. మీ ఊరి పంటల్లో ఇంకా ఏవి గింజగానే, గడ్డిగానే బయటికి పోతున్నాయి?