కుండీమొక్కకు కరెంటు దీపం

తణుకు నుంచి గోదావరి దాటి కడియం నర్సరీలకు వెళ్లి మనీప్లాంటు తెచ్చుకున్నారనుకోండి. ఇంట్లో చీకటి మూలన పెట్టారు. కొన్నాళ్లకు ఆకులు పాలిపోయి, కణుపుల మధ్య ఎడం పెరిగింది. నీళ్లు ఎక్కువ పోసినా లాభం లేదు; దానికి వెలుతురు చాలటం లేదు.

ఆకులోని పత్రహరితం ముఖ్యంగా ఎరుపు, నీలం కాంతులను పీల్చుకొని ఆహారం తయారుచేస్తుంది. తెల్లని ఎల్.ఇ.డి. దీపంలో ఆ రెండూ ఉంటాయి. పాత ఫిలమెంటు బల్బులో మాత్రం విద్యుత్తు నూటికి 90 పాళ్లకు పైగా వేడిగా పోతుంది. దగ్గర పెడితే ఆకు మాడుతుంది. ఎల్.ఇ.డి.ని మొక్కకు జానెడు నుంచి మూరెడు ఎత్తున కట్టి, రోజుకు సుమారు 12 గంటలు వెలిగించండి.

అయితే కుండీ ఉన్నచోట తడి ఉంటుంది. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. మట్టి, ఎరువు కలిసిన నీటిలో లవణాల అయానులు ఉంటాయి గనుక అది విద్యుత్తును మోసుకుపోతుంది. చర్మం తడిస్తే దాని నిరోధం కూడా తగ్గుతుంది. అప్పుడు తగిలే షాకు ప్రాణం తీయగలదు.

అందుచేత దీపాన్ని పెద్దలచేతనే బిగింపించుకోండి. వైరును సాకెట్టు కంటే కిందికి వంపుగా వేలాడనిచ్చి మళ్లీ పైకి తీసుకుపోతే, దాని వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నీళ్లు పోసే ముందు పొడిచేతితో స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయండి.